పచ్చ టిక్కు

జూన్ 2

ఈ రోజు నా టేబుల్ మీద కంప్యూటర్ పెట్టారు. ఇన్నేళ్లుగా బి.పి. మిషన్ ఉండే చోట. బి.పి. మిషన్ కిటికీ గట్టు మీదికి పోయింది. నేను అడ్డం చెప్పలేదు. చెబితే పెద్దావిడకి కొత్తవి గిట్టవంటారు.

ఇదంతా చెల్లి ఆలోచన. అదీ డాక్టరే. పెద్ద ఆసుపత్రిలో ఏళ్లకేళ్లు చేసి, విసిగిపోయి, కిందటేడు నా క్లినిక్‌కి వచ్చింది. నా క్లినిక్ అని రాశాను, మన క్లినిక్ అని రాయాలి. బోర్డు మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. నాది పైన. రెండు గదులు, మధ్య సన్నటి గోడ, బయట బెంచీలు, ఒక కౌంటర్. ఇంతే. ఇంత దానికి సాఫ్ట్‌వేర్ ఎందుకే అన్నాను. చిన్న క్లినిక్కులకే ఎక్కువ అవసరం అక్కా, మన తలల్లో ఉన్నది మన తలలతోనే పోకూడదు అంది. నా తల ఎక్కడికీ పోవడం లేదన్నాను. నవ్వింది. అది నవ్వితే ఎదుటివాళ్లు సరే అనేస్తారు. చిన్నప్పటినుంచీ అంతే. అప్పుడు అమ్మ, తర్వాత నాన్న, ఇప్పుడు నేను.

దాని టేబుల్ మీద కూడా పెట్టారు. దానికి అక్కడ ముందే ఖాళీ ఉంది.

జూన్ 4

ట్రైనింగ్. కంపెనీ నుంచి బట్టతల ఆయన ఒకడు వచ్చాడు. ఏది అడిగినా చాలా సింపుల్ మేడమ్ అంటాడు. మనసులో సింపుల్ అని పేరు పెట్టేశాను.

మొదట చెప్పింది, సేవ్ నొక్కాక రాసింది చెరపడానికి ఉండదని. తప్పు రాస్తే కింద ఇంకో ముక్క రాయొచ్చు గానీ, ముందుది అలాగే ఉంటుందట. బాగుంది, నా పెళ్లి లాగే అన్నాను. ఎవరూ నవ్వలేదు. సింపుల్ నోట్ చేసుకున్నట్టు తల ఊపాడు.

మందు పేరు మొదటి మూడక్షరాలు కొడితే మిగతాది అదే వస్తుందన్నాడు. నాకు వేరే మందు వచ్చింది. గోడ అవతల చెల్లి వేళ్లు టకటకమంటున్నాయి. నేను ఒక్కో అక్షరం వెతుక్కుంటుంటే సింపుల్ నా వెనక నిలబడి ఊపిరి వదులుతున్నాడు. మీ సిస్టర్ అప్పుడే రెండో మాడ్యూల్‌కి వెళ్లిపోయారు మేడమ్ అన్నాడు. నాకు ఉత్సాహం వస్తుందనుకున్నాడు కాబోలు.

రెండో మాడ్యూల్, డాక్టర్లు ఒకరి కేసులు ఒకరు చూసుకోవడం ఎలా అని. ఒకరివి ఒకరు చూడటం దేనికి? ఇంటికెళ్లి చూడాల్సిన పేషంట్ ఉన్నారని చెప్పి బ్యాగు తీసుకుని బయటపడ్డాను. అలాంటి పేషంట్ ఎవరూ లేరు. రెండు వీధులు తిరిగి, బస్ స్టాప్ బెంచీ మీద కూర్చుని, క్లాసు అయిపోయి ఉంటుందనుకున్నాక వచ్చాను. సింపుల్ వెళ్లిపోయాడు. నీ కోసం నేను రాసి పెట్టాను అక్కా అని చెల్లి ఒక కాగితం ఇచ్చింది. సొరుగులో వేశాను. చదవలేదు.

జూన్ 9

కౌంటర్ ఆవిడకి కొత్త పని వచ్చింది. వచ్చిన ప్రతి మనిషినీ అడగాలి, ఏ డాక్టర్‌కి రాయమంటారు అని. ఆ గడి నింపకపోతే కంప్యూటర్ ముందుకు కదలదట.

ఇన్నాళ్లూ ఈ ప్రశ్న లేదు. ఎవరి గది ఖాళీ అయితే ఆ గదిలోకి పంపేది. నా పేషంట్లు, దాని పేషంట్లు అని లేదు. దగ్గుకి ఏ గది అయితేనేం. పెద్ద డాక్టరమ్మ, చిన్న డాక్టరమ్మ అనేవాళ్లు, అదీ గుర్తు కోసం. ఇప్పుడు అడిగేసరికి, తమకొక ఇష్టం ఉందని వాళ్లకే తెలిసింది.

నా స్క్రీన్ మీద రెండు వరుసలు కనిపిస్తాయి. ఎడమ పక్క నాది, కుడి పక్క చెల్లిది. చెల్లి వరుస చూడాలంటే కిందికి జరపాలి. నాది జరపక్కర్లేదు.

జూన్ 10

పోస్టాఫీసు గుమాస్తా కూడా దాని వరుసలోనే. వాళ్ల పిల్లల టీకాలన్నీ నా చేత్తో వేసినవి.

జూన్ 13

చెల్లి కార్డుల మాట ఎత్తింది.

నా గదిలో ఇనుప బీరువా నిండా పేషంట్ల కార్డులే. మనిషికి ఒకటి, ఇంటికి ఒక కట్ట, కట్టకి ఒక రబ్బరు బ్యాండ్. మరిచిపోకూడనివి ఎర్ర ఇంకుతో రాస్తాను. వాటిని కౌంటర్ ఆవిడకి ఇస్తే, జనం తక్కువున్నప్పుడు కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కిస్తుందట. ఆవిడ ఒప్పుకుందట కూడా. అంటే నాకంటే ముందు ఆవిడతో మాట్లాడింది.

ఇవ్వనని అనలేదు. నా రాత ఆవిడకి అర్థం కాదు, నేనే ఎక్కిస్తాలే, తొందరేముంది అన్నాను. చెల్లి నా మొహంలోకి చూసింది. నీకు ఎప్పుడు వీలైతే అప్పుడే అక్కా అంది. అది అంత మెత్తగా మాట్లాడితే నాకు ఇంకా ఒళ్లు మండుతుంది.

బీరువాకి తాళం వేసి తాళంచెవి బ్యాగులో వేసుకున్నాను. ఎప్పుడూ వేసేదాన్ని కాదు. అవి కూడా ఇచ్చేస్తే ఈ గదిలో నాదంటూ ఏం మిగులుతుంది? ఎవరికి ఏ మందు పడదో, ఎవరింట్లో ఎవరికి ఫిట్స్ వచ్చాయో తెలియాలంటే నా గుమ్మం తొక్కాలి. తొక్కనీ.

జూన్ 17, మధ్యాహ్నం

లంచ్‌కి చెల్లి ఇంటికి వెళ్తుంది. కౌంటర్ ఆవిడ బాక్స్ తెచ్చుకుని వెనక గదిలో తింటుంది. మా ఇల్లు క్లినిక్ పైనే. మా ఆయన భోజనానికి పిలిచేదాకా నాకు కొంచెం టైం ఉంటుంది. ఊరికే కూర్చుని కుడి పక్క వరుస మీద నొక్కాను. తెరుచుకుంది. పాస్‌వర్డ్ అడగలేదు, ఏమీ అడగలేదు.

పొద్దున్న చెల్లి చూసిన కేసులన్నీ చదివాను. తప్పు దొరుకుతుందేమోనని చదివాను. ఇది ఇంకెవరికీ చెప్పను, ఇక్కడ రాసుకుంటున్నాను. ఒక చోట దగ్గు ఎన్నాళ్లనుంచో రాయలేదని భలే సంబరపడ్డాను. కింద లైనులో రాసింది.

మా ఆయన రెండుసార్లు పిలిచారట. వినపడలేదు.

జూన్ 18

మళ్లీ చూశాను.

జూన్ 25

ఇప్పుడు నా మధ్యాహ్నాలు ఇలాగే గడుస్తున్నాయి. రోజూ ఒక్కటి కూడా వదలకుండా చదువుతున్నాను. కూర చల్లారిపోయిందని పైనుంచి కేక వచ్చేదాకా.

ఎంత బాగా రాస్తుందో. నా కడుపుమంట అదే. నా నోట్సులో జ్వరం, మూడు రోజులు, మాత్రలు. అయిపోయింది. దాని నోట్సు చదివితే మనిషి ఎదురుగా కూర్చున్నట్టు ఉంటుంది. నిద్ర పట్టడం లేదంది, ఉద్యోగం పోతుందని భయం, చెబుతూ చేతిరుమాలు పిండుతోంది, థైరాయిడ్ చూడాలి. ఇలా. నేనూ ఇవన్నీ గమనిస్తాను. రాయనంతే. రాయనివి ఎవరికి కనిపిస్తాయి?

ఇంకో సంగతి. చెల్లి నా దగ్గరికి రావడం మానేసింది. ఇంతకు ముందు రోజులో ఎన్నిసార్లు వచ్చేదో. తలుపు సగం తెరిచి, తల మాత్రం లోపల పెట్టి, అక్కా ఒక్క డౌట్ అనేది. నా ఎదురుగా పేషంట్ చొక్కా విప్పి కూర్చున్నా సరే. విసుక్కునేదాన్ని, చెప్పేదాన్ని. ఈ మధ్య ఒక్కసారి కూడా రాలేదు. కంప్యూటర్‌ని అడుగుతోంది కాబోలు. నా అవసరం తీరిపోయింది.

మా ఆయనతో చెప్పాను. పేపర్లోంచి తల ఎత్తకుండా, వచ్చిన రోజుల్లో వస్తోందని సణిగావు, ఇప్పుడు రావడం లేదని సణుగుతున్నావు, ముందు నీకేం కావాలో తేల్చుకో అన్నారు. పొట్టలో మంటగా ఉందన్నాను. మాత్రకి తగ్గే మంటేనా అని అడిగారు. ఈయన రిటైరయ్యాక మరీ తెలివిమీరిపోయారు.

జూలై 1

వీధి చివర బేకరీ ఆవిడ షుగర్ చూపించుకోడానికి వచ్చింది. చెల్లి వరుసలోనే. నన్ను బయట చూసి మొహమాటపడి, ఏమీ అనుకోకండి పెద్ద డాక్టరమ్మా, చిన్నమ్మ దగ్గరికి వెళ్తే మీరూ చూసినట్టేనట కదా, ఆవిడే చెప్పారు అంది.

ఏమీ అనుకోలేదన్నాను. లోపలికి వచ్చి కూర్చుని అంతా అనుకున్నాను. నా పేరు చెప్పి నా పేషంట్లనే లాక్కుంటోంది. ఎంత ధైర్యం. నా ముందు అక్కా అక్కా అంటూ, వెనక నా పేరు ఎరగా వేస్తోంది. ఎత్తుకుని తిప్పాను దాన్ని. స్టెతస్కోప్ చెవుల్లో తిరగేసి పెట్టుకుంటే సరిచేసింది నేను.

జూలై 7, మధ్యాహ్నం

ఈ రోజు టైలర్ వచ్చాడు. మా వీధి మలుపులో అతని కొట్టు. నా తెల్ల కోట్లన్నీ అతను కుట్టినవే. నా భుజాలు ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. అది లోకంలో తెలిసింది అతనికీ నాకూ మాత్రమే, అలా కుట్టేస్తాడు. క్లినిక్ తెరిచినప్పటినుంచీ నా మనిషి. గాజు తలుపులోంచి చూశాను. కౌంటర్ ఆవిడ అడిగింది. టైలర్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కుడి పక్క వరుసలో పేరు పడింది.

లంచ్ టైంలో ముందు అతని కేసే తెరిచాను. కుడి భుజం నొప్పి. స్కూల్ యూనిఫారాల ఆర్డర్ ఉందట, మిషన్ ఆపడానికి లేదట. రెండు వారాలకి నొప్పి మాత్రలు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆఖరి లైను, పాస్ట్ రికార్డ్స్ నాట్ అవైలబుల్.

టైలర్‌కి ఆ మాత్రలు ఇవ్వకూడదు. కిడ్నీలు వీక్. ఆ రిపోర్ట్ చూసి అతనికి చెప్పింది నేనే. కార్డు మీద ఎర్ర ఇంకుతో, నొప్పి మాత్రలు వద్దు అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. ఆ కార్డు బీరువాలో ఉంది. మందు పేరు మీద కన్ను పడగానే నాకు తెలిసిపోయింది. సందేహమేమీ లేదు.

ఫోన్ తీశాను. అంతలో మళ్లీ ఆ ఆఖరి లైను కనిపించింది. నాట్ అవైలబుల్. ఎవరి మీద ఫిర్యాదు ఇది? ఎప్పటికీ చెరపడానికి లేని చోట రాసి పెట్టిందే నా మీద.

ఫోన్ కింద పెట్టాను. సాయంత్రం చెబుతాను. ఎదురుగా కూర్చోబెట్టి, కార్డు తీసి ముందు పెట్టి మరీ చెబుతాను. ఫోన్లో చెబితే నాకేం తృప్తి.

జూలై 7, సాయంత్రం

చెల్లి వస్తూనే నన్ను వాటేసుకుంది. డాక్టర్ల సంఘం మీటింగులో మాట్లాడమని పిలిచారట. చిన్న క్లినిక్కుల్లో కంప్యూటర్ పెట్టుకుని బాగా నడిపిస్తున్నవాళ్లు ఎవరని అడిగితే సింపుల్ దీని పేరు చెప్పాడట. నువ్వూ రావాలి అక్కా, ముందు వరుసలో కూర్చోవాలి అంది. మొహం వెలిగిపోతోంది.

నన్ను ఆ సంఘం వాళ్లు ఇన్నేళ్లలో ఒక్కసారి పిలిచారు. అది కూడా చందా కోసం.

సంతోషమే అన్నాను. ఆ మాత్రల సంగతి చెప్పలేదు.

జూలై 8

ఒక రోజు మాత్రలతో ఏమీ కాదు. రేపు చెబుతాను.

జూలై 10

ఒకటి రాయాలి. ఉన్నది ఉన్నట్టు రాయాలి.

టైలర్ తిరిగి వస్తే బాగుండునని ఉంది నాకు. కాళ్లు కాస్త వాచి, నా గదిలోకి. అమ్మా ఇదేదో తేడాగా ఉంది, మీరే చూడండి అంటూ. నేను మాత్రలు ఆపించి, కార్డు తీసి చెల్లి టేబుల్ మీద పెడతాను. ఒక్క మాట కూడా అనను. అది తల దించుకుంటుంది. అంతే, అంతకు మించి ఏమీ కోరుకోవడం లేదు. కాస్తే వాచాలి.

రోజూ కిటికీలోంచి అతని కొట్టు వైపు చూస్తున్నాను. మిషన్ చప్పుడు వస్తూనే ఉంది. చూశావా, ఏమీ కాలేదు అనుకుంటున్నాను. ఆ అనుకోవడంలో కొంచెం నిరాశ కూడా ఉంది.

జూలై 13

మీటింగు. హాలు నిండా డాక్టర్లు. చెల్లి నీలం రంగు బట్టల్లో స్టేజి ఎక్కింది. మైకు ఎత్తు తనే సరిచేసుకుంది. ఇలాంటివి దానికి ఎవరు నేర్పారో.

మొదట్లో ఎంత తడబడ్డామో చెప్పింది, అందరూ నవ్వారు. తర్వాత, ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే ధైర్యం ఇచ్చింది మా అక్క అని మొదలుపెట్టింది. నా మొహం కాలిపోయింది. జనం తలలు తిప్పి చూస్తున్నారు. పెద్దావిడకి ఒక దండ వేసి పక్కన కూర్చోబెట్టే మాటలు అవి. దగ్గు వచ్చినట్టు చేసి బయటికి వచ్చేశాను. నీళ్ల కూలర్ దగ్గర నిలబడ్డాను. తలుపుల అవతల చప్పట్లు చాలాసేపు వినిపించాయి.

దార్లో కారులో, ఎలా మాట్లాడానక్కా అని అడిగింది. బాగా అన్నాను.

టైలర్ కొట్టు మూసి ఉంది. ఆదివారం కదా.

జూలై 14

ఈ రోజు కూడా మూసే ఉంది.

జూలై 16

టైలర్ భార్య వచ్చింది. పేషంట్‌గా కాదు. మనిషి సగమైపోయింది. రెండు రోజులుగా ఆయన పెద్ద ఆసుపత్రిలో ఉన్నాడట. కాళ్లు వాచాయట, మొహం కూడా వాచిందట, ఉన్నట్టుండి ఒంటేలు ఆగిపోయిందట. రక్తం శుభ్రం చేసే మిషన్ పెట్టారట. కిడ్నీలు మళ్లీ పని చేస్తాయో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారట. ఏ మందులు వాడారో రాసివ్వమని అక్కడి డాక్టర్లు అడిగారు, అందుకు వచ్చాను అంది.

కౌంటర్ ఆవిడ ప్రింట్ తీసి ఇచ్చింది. ఒక్క నిమిషంలో వచ్చేసింది.

చెల్లి తన గది గుమ్మంలో నిలబడి అంతా వింది. నేను నా గుమ్మంలో నిలబడి విన్నాను.

జూలై 17

ఇన్నాళ్లకి నా తలుపు సగం తెరిచి చెల్లి తల లోపల పెట్టింది. డౌట్ అనలేదు. వచ్చి పేషంట్ల స్టూలు మీద కూర్చుంది. రాత్రంతా ఏడ్చిన కళ్లు.

ఆసుపత్రికి ఫోన్ చేసిందట. కిడ్నీలు ముందే వీక్ అట, నాకు తెలియదు అక్కా అంది. అతన్ని అడిగిందట కూడా. ఇంతకు ముందు ఏమైనా ఉందా అని అడిగితే, అన్నీ మీ కంప్యూటర్లో ఉంటాయి కదమ్మా అన్నాడట. కంప్యూటర్లో ఏమీ లేదు. మనసు పీకిందట. నన్ను అడుగుదామనుకుందట. ఇంటికెళ్లి భోజనం చేస్తూ ఫోన్లో కేసులు తెరిచి చూసుకుంటే టిక్కు పడి ఉందట. సరే, అక్క చూసింది, అక్కకి టైలర్ సంగతి తెలియనిదేముంది, తేడా ఉంటే ఈపాటికి ఫోన్ చేసేది అనుకుని నిమ్మళించిందట.

ఏం టిక్కు అన్నాను.

నా వైపు వింతగా చూసింది. చెయ్యి పట్టుకుని తన గదిలోకి తీసుకెళ్లి స్క్రీన్ చూపించింది. అది రాసిన ప్రతి కేసు పక్కనా చిన్న పచ్చ టిక్కు. ఒక డాక్టర్ రాసింది ఇంకో డాక్టర్ తెరిచి చదివితే, రాసినవాళ్ల స్క్రీన్ మీద పడుతుందట. చదివినవాళ్లకి ఏమీ కనపడదట. రెండో మాడ్యూల్ మొత్తం అదేనట. నీకు కాగితం మీద రాసిచ్చాను కదా అక్కా అంది.

కిందికి జరుపుతూ పోయింది. పచ్చ, పచ్చ, పచ్చ. ఒక్కటీ వదల్లేదు నేను. నా దొంగచూపులన్నీ వరుసగా.

రోజూ భోజనం చేస్తూ, ఒక్కొక్క టిక్కే పడుతుంటే చూసేదట. మా అక్క తిండి మానుకుని నా కేసులు చూస్తోందని వాళ్లాయనకి చూపించి మురిసిపోయేదట. ఎలాగూ చూస్తోంది కదా, మళ్లీ వెళ్లి విసిగించడం ఎందుకని నా గుమ్మం దగ్గరికి రావడం మానేసిందట. నేనొక్కదాన్నే కాదు, మా అక్క కూడా మిమ్మల్ని చూస్తుందని పేషంట్లకి చెప్పేదట. స్టేజి మీద చెప్పింది కూడా అదేనట. చప్పట్లు నీకే అక్కా, నువ్వు అప్పుడు బయటికి వెళ్లావా అంది.

తర్వాత అంది, ఇద్దరం ఎలా మిస్సయ్యాం అక్కా అని.

ఇద్దరం.

నా మొహం చూసి కంగారుపడింది. నువ్వు బాధపడకు, ఎంతమందినని గుర్తుపెట్టుకుంటావు, రాసింది నేను, తప్పు నాది అంది. నా వీపు నిమిరింది. నన్ను ఓదార్చింది. నేను ఓదార్పించుకున్నాను.

జూలై 18

చెల్లి ఈ రోజు పేషంట్లని చూడలేదు. అందరినీ అక్కకే రాయమని కౌంటర్ ఆవిడకి చెప్పిందట. నా వరుస కిందికి, ఇంకా కిందికి జారుతోంది. కుడి పక్క ఖాళీ.

నెల రోజులుగా నేను కోరుకున్నది ఇదే. కోరుకున్నట్టే వచ్చింది. బేకరీ ఆవిడ, పోస్టాఫీసు గుమాస్తా, అందరూ. చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ లెక్క తప్పి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను.

సాయంత్రం చెల్లి చెప్పింది. వెళ్లిపోతుందట. పేషంట్లని చూడటమే మానేస్తుందట. పాత ఆసుపత్రిలో ల్యాబ్ రిపోర్టులు చూసే ఉద్యోగం ఏదో ఉందట, మనుషులతో పని ఉండదట. నా మీద నాకు నమ్మకం పోయింది అక్కా అంది.

జూలై 19

టైలర్‌ని చూసి వచ్చాను. మంచం మీద మనిషి పొట్టిగా కనిపించాడు. మెళ్లో టేపు లేకుండా అతన్ని ఎప్పుడూ చూడలేదు. వేళ్లు ఉబ్బి ఉన్నాయి. సూదిలో దారం ఎక్కించగలనా అమ్మా అని అడిగాడు, భార్య అవతలికి వెళ్లాక. కొంచెం కొంచెంగా ఒంటేలు వస్తోందట. వారానికి ఎన్నిసార్లు మిషన్ పెట్టాలో ఇంకా చెప్పలేదట.

అప్పుడు మీరు వద్దన్న మాత్రలు ఇవేనని నాకు తెలియదమ్మా, పేర్లు నాకేం తెలుస్తాయి, మీ ఇద్దరికీ తెలుసు కదా అనుకున్నాను అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. మామూలుగా అన్నాడు. నా దగ్గరికి ఎందుకు రాలేదని అడిగేశాను. అడక్కుండా ఉండలేకపోయాను, ఆ మంచం పక్కన కూడా. మీ దగ్గరికి వస్తే మీరొక్కరే చూస్తారు, చిన్నమ్మ దగ్గరైతే ఇద్దరూ చూస్తారని వెళ్లానమ్మా అన్నాడు.

చిన్నమ్మని ఏమీ అనకండి అని కూడా చెప్పాడు. ఫోన్ చేసి చాలా ఏడ్చిందట.

జూలై 20

మా ఆయనకి చెప్పాను, మొత్తం. పేపర్ మడిచి పక్కన పెట్టారు. జోకు వేస్తారేమోనని చూశాను. వెయ్యలేదు. దానికి చెప్పావా అని అడిగారు. లేదన్నాను. అయితే నాకెందుకు చెప్పావు అన్నారు.

జూలై 21, పొద్దున

క్లినిక్ తెరవకముందే దిగి బీరువా తాళం తీశాను. కౌంటర్ ఆవిడ రాగానే కార్డులన్నీ చూపించి, జనం లేనప్పుడు ఎక్కించమన్నాను. నా రాత అర్థం కాకపోతే అడగమన్నాను. ఆవిడ ఒక కార్డు చూసి, బాగానే అర్థమవుతోంది మేడమ్ అంది.

టైలర్ కార్డు మాత్రం నేనే ఉంచుకున్నాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. ఎర్ర ఇంకుతో రాసినవి కూడా. ఎర్ర రంగు ఎలా పెట్టాలో తెలియలేదు, నల్లగానే పడ్డాయి.

చెల్లి వచ్చింది. తన గదిలో సామాను సర్దుకుంటోంది. మిగిలిపోయిన నోట్సు ముగించి సాయంత్రం వెళ్తానంది. గోడ ఇవతల నుంచి అట్టపెట్టె చప్పుడు వినిపిస్తోంది.

నోటితో చెబుదామని లేచి వెళ్లాను, దాని తలుపు దాకా. వెనక్కి వచ్చేశాను. మళ్లీ వెళ్లాను. ఎదురుగా నిలబడితే నేను మాట మార్చేస్తాను. మరిచిపోయానంటాను, వయసైపోయిందంటాను, అది నమ్మేస్తుంది. నా గురించి నాకు తెలుసు.

అందుకని టైలర్ కేసులో, చెల్లి రాసిన దాని కింద, నా పేరుతో రాశాను. జూలై ఏడో తారీఖు మధ్యాహ్నం నేను ఈ కేసు తెరిచి చదివాను. ఈ మందు ఈ పేషంట్‌కి హాని చేస్తుందని నాకు అప్పుడే తెలుసు. పాత వివరాలు నా దగ్గరే ఉన్నాయి, అడిగినా ఇవ్వలేదు. మరిచిపోలేదు. చెల్లెలి మీద ఈర్ష్యతో చెప్పలేదు. ఇందులో చిన్న డాక్టర్ తప్పు, నన్ను నమ్మడం.

ఈర్ష్య అని కొట్టడానికి చాలాసేపు పట్టింది. ఆ అక్షరాలు ఎక్కడున్నాయో దొరకలేదు.

రేపు ఇది ఎవరైనా చదవొచ్చు. టైలర్ భార్య ప్రింట్ అడిగితే ఇదీ కలిసే వస్తుంది. నా లైసెన్సు ఏమవుతుందో తెలియదు. సింపుల్ మొదటి రోజు చెప్పింది గుర్తుంది, సేవ్ నొక్కాక చెరపడానికి ఉండదని.

నొక్కాను.

జూలై 21, మధ్యాహ్నం

చెల్లి ఈ రోజు భోజనానికి ఇంటికి వెళ్లలేదు. అట్టపెట్టె చప్పుడు ఆగిపోయింది.

నేను రాసిన దాని పక్కన పచ్చ టిక్కు పడింది. నా స్క్రీన్ మీద ఇదే మొదటిది.

గోడ అవతల కుర్చీ జరిగింది. నా తలుపు సగం తెరిచి ఉంది. నేనే తెరిచి పెట్టాను.